నాబ్ కొంచెం తిప్పితే ఇల్లు అదరడం ప్లస్ పాయింట్ కాదు

రెండేళ్ల కిందట ఇదే సైట్‌లో నేనొక పవర్ ఆంప్లిఫయర్ రివ్యూ రాశాను. మోడల్ పేరు ఇప్పుడు అనవసరం. ఛానల్‌కి 100 వాట్స్, పెద్దగా వేడెక్కదు, పెట్టిన డబ్బుకి మోసం లేని సరుకు. ప్లస్ పాయింట్స్‌లో మూడోదిగా నేను రాసిన లైన్ ఇది: "వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పితే చాలు, గది మొత్తం నిండిపోతుంది." ఆ లైన్ చూసే కొన్నామని తర్వాత ఇద్దరు ముగ్గురు నాతో చెప్పారు కూడా. అప్పుడు సంతోషించాను.

ఆ లైన్ తప్పు. తప్పని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. అది కూడా ఏ ల్యాబ్‌లోనో కాదు, మా నాన్న చెవుల మీదుగా తెలిసింది.

రివ్యూ అయ్యాక ఆ ఆంప్ నాకు నచ్చి సొంతంగా ఒకటి కొని గుంటూరులో నాన్న దగ్గర పెట్టాను. పాత ఫోన్, దానికో చిన్న డాక్, ఒక ప్రీ ఆంప్, ఈ పవర్ ఆంప్, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. నాన్నకి డెబ్భై దాటాయి. రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మ పడుకున్నాక, హాల్లో లైటు తీసేసి, గంటన్నర పాత పాటలు వింటారు. పక్క గదిలో అమ్మ లేవకూడదు కాబట్టి సౌండ్ బాగా తక్కువ పెట్టుకుంటారు. రిటైరయ్యాక ఆయన రోజంతటిలో తనకోసం ఉంచుకున్న టైమ్ అదొక్కటే.

నెల తిరక్కుండా ఫోన్. "ఒరేయ్, నా కుడి చెవి పోతున్నట్టుందిరా. ఘంటసాల ఎడం పక్కకి జరిగిపోతున్నాడు."

ఆ వయసులో ఆ మాట వింటే ఎవరైనా ఏం చేస్తారు? ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆడియోగ్రామ్ తీశారు. పై ఫ్రీక్వెన్సీల్లో వయసుకి తగ్గ తగ్గుదల ఉంది, కానీ రెండు చెవులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయని చెప్పి పంపారు. నాన్నకి నమ్మకం కుదరలేదు. "పెద్దవాడినని నచ్చజెప్పాడులే" అన్నారు. తర్వాత మూడు వారాలు ఆయన సిస్టమ్ ఆన్ చేయలేదని అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. చెవి పోతోందని గుర్తు చేసే పాట వినబుద్ధి కావట్లేదట.

దసరాకి వెళ్లినప్పుడు రాత్రి ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఆయన పెట్టుకునే వాల్యూమ్‌లోనే, అదే పాట. నాకూ ఘంటసాల ఎడం పక్కనే ఉన్నారు! ఆ పాతవన్నీ మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లకీ ఒకటే సిగ్నల్ వెళ్తుంది కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. స్టీరియో పాటైతే మిక్సింగే అంత అనుకుని వదిలేసేవాళ్లం. నాబ్ పెంచాను. గొంతు మెల్లగా మధ్యకి వచ్చింది. తగ్గించాను, మళ్లీ ఎడమకి. ప్రీ ఆంప్‌లోకి వెళ్లే ఆర్‌సీఏ కేబుళ్లు అటుదిటు మార్చాను, ఎడమే. ప్రీ ఆంప్ నుంచి బయటికి వచ్చేవి మార్చాను, ఈసారి గొంతు కుడికి వెళ్లింది. అంటే తేడా స్పీకర్లలో లేదు, పవర్ ఆంప్‌లో లేదు, నాన్న చెవిలో అసలే లేదు. ప్రీ ఆంప్ వాల్యూమ్ కంట్రోల్‌లో ఉంది.

మరి ప్రీ ఆంప్ చెడిపోయిందా అంటే, అదీ లేదు. దాన్ని మనం వాడకూడని చోట వాడుతున్నాం.

మామూలు స్టీరియో వాల్యూమ్ పాట్‌లో ఒకే ఇరుసు మీద రెండు ట్రాకులుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. నాబ్ మధ్య ప్రాంతంలో ఈ రెండూ దాదాపు కలిసి నడుస్తాయి. బాగా కింద, సున్నాకి దగ్గర్లో, ఒకటి ముందు లేస్తుంది, ఇంకొకటి కొంచెం వెనక. అక్కడ రెండు మూడు డెసిబెల్స్ తేడా రావడం వింతేం కాదు, ఖరీదైన పాట్‌లకీ ఎంతో కొంత ఉంటుంది. మూడు డెసిబెల్స్ చాలు, గొంతు పక్కకి జరగడానికి. నాన్న నాబ్ ఎక్కడుందో చూశాను. గడియారం ముల్లుతో పోలిస్తే ఏడున్నర దగ్గర. ఏడు దగ్గర ఆఫ్ అయిపోతుంది! "కొంచెం తిప్పితే చాలు" అని నేను మెచ్చుకున్నది ఇదే.

లెక్క ఇది

కాగితం తీసుకుని లెక్కేశాను. మీరూ మీ సిస్టమ్‌కి వేసుకోవచ్చు, పదో తరగతి లెక్కలు సరిపోతాయి.

డాక్ ఫుల్ లెవెల్‌లో 2 వోల్టులు ఇస్తుంది. సీడీ ప్లేయర్ల కాలం నుంచీ ఇదే అలవాటు, ఇవాళ్టి చాలా డాక్‌ల ఆర్‌సీఏ అవుట్‌పుట్ కూడా అంతే. ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలన్స్‌డ్ అవుట్‌పుట్ అయితే సాధారణంగా 4. ప్రీ ఆంప్ గెయిన్ 12 డెసిబెల్స్, అంటే నాలుగు రెట్లు. పవర్ ఆంప్ గెయిన్ 29 డెసిబెల్స్, అంటే దాదాపు 28 రెట్లు. 8 ఓమ్స్ స్పీకర్‌లో 100 వాట్స్ రావాలంటే 28.3 వోల్టులు కావాలి. కాబట్టి ఈ పవర్ ఆంప్‌కి 1 వోల్ట్ ఇస్తే చాలు, ఉన్న పవరంతా బయటికొచ్చేస్తుంది. స్పెక్ షీట్‌లో "ఇన్‌పుట్ సెన్సిటివిటీ 1 వోల్ట్" అని రాసేది దీన్నే. టీహెచ్‌ఎక్స్ వాళ్ల హోమ్ థియేటర్ ప్రమాణం కూడా ఇదే 29 డెసిబెల్స్, కాబట్టి ఇదేదో వింత అంకె కాదు.

ఇప్పుడు చూడండి. పవర్ ఆంప్‌కి కావాల్సింది 1 వోల్ట్. డాక్ ఒక్కటే 2 ఇస్తోంది. దాన్ని ప్రీ ఆంప్ మళ్లీ నాలుగింతలు చేసి 8 దాకా తీసుకెళ్లగలదు. ఎనిమిది రెట్లు ఎక్కువ! చిన్న దీపపు ప్రమిదలో బిందెతో నూనె పోస్తున్నట్టు ఉంది పని. ఆ బిందెని వంచే చేయి వాల్యూమ్ నాబ్.

నాన్న వినే లెవెల్ ఫోన్‌లో ఒక యాప్‌తో చూస్తే సగటున 60 డెసిబెల్స్ చుట్టూ వచ్చింది. యాప్ కొలత కచ్చితం కాదు, అంచనాకి పనికొస్తుంది. స్పీకర్ సెన్సిటివిటీ 89. కుర్చీ దూరం, గది, రెండు స్పీకర్లు అన్నీ కలిపి చూస్తే, ఆ సౌండ్‌కి స్పీకర్ దగ్గర కావాల్సింది సుమారు 0.16 వోల్ట్. వాట్స్‌లో చెబితే 3 మిల్లీవాట్స్. పాట సగటు లెవెల్ ఫుల్ స్కేల్‌కి 15 డెసిబెల్స్ కింద ఉందనుకుంటే డాక్ నుంచి వచ్చేది 0.36 వోల్ట్. దాన్ని మొత్తం 41 డెసిబెల్స్ పెంచితే 40 వోల్టులవుతుంది. కావాల్సింది 0.16. అంటే ఎక్కువైనదంతా నాబ్ ఒక్కటే కోసెయ్యాలి, 250 రెట్లు, 48 డెసిబెల్స్. 41 పెంచడం, 48 తగ్గించడం! ఇంత చాకిరీ చేశాక డాక్ నుంచి వచ్చినదానికంటే తక్కువ వోల్టేజే స్పీకర్‌కి చేరుతోంది.

కోటిలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఏదైనా షాపులో ఆంప్ డెమో అడగండి. అతను నాబ్‌ని ఎనిమిదింటి దగ్గర నుంచి తొమ్మిదింటికి తిప్పుతాడు. షాపు అదురుతుంది. "చూశారా సార్, ఇంకా ముప్పావు వంతు మిగిలే ఉంది" అంటాడు. మనకి అది రిజర్వ్‌లో ఉన్న పవర్‌లా అనిపిస్తుంది. అది పవర్ కాదు, గెయిన్. ఆ మిగిలిన ముప్పావు వంతులో ఉన్నది క్లిప్పింగ్ ఒక్కటే. 20 వాట్ల ఆంప్‌ని కూడా పావు తిప్పులోనే పగిలేలా తయారుచేయొచ్చు, గెయిన్ పెంచితే సరి. కొనేవాడు పవర్‌ని నాబ్‌తో కొలుస్తాడని అమ్మేవాడికి తెలుసు. ఆ కొలతని రివ్యూల్లో ప్లస్ పాయింట్‌గా రాసి ఊరంతా తిప్పింది నాలాంటివాళ్లం.

దీనికి కొంత చరిత్ర ఉంది. సీడీ 1982లో వచ్చింది. అంతకుముందు వచ్చిన జపనీస్ ఇంటిగ్రేటెడ్ ఆంప్‌ల స్పెక్స్ తీసి చూస్తే ట్యూనర్, టేప్ ఇన్‌పుట్‌లకి 150 మిల్లీవోల్ట్స్ సెన్సిటివిటీ అని తరచూ కనబడుతుంది. అప్పటి ట్యూనర్లు, క్యాసెట్ డెక్‌లు ఇచ్చేది తక్కువ కాబట్టి అంత గెయిన్ అవసరమే. ఆ తర్వాత 2 వోల్టుల సీడీ ప్లేయర్ వచ్చి కూర్చుంది. 150 మిల్లీవోల్ట్స్‌కీ దానికీ తేడా పదమూడు రెట్ల పైన. సోర్స్ మారింది, ఆంప్ అలవాటు మాత్రం మారలేదు. నలభై ఏళ్ల తర్వాత కూడా 12 డెసిబెల్స్ గెయిన్ ఉన్న ప్రీ ఆంప్‌లు కొత్తగా విడుదలవుతూనే ఉన్నాయి.

హిస్ సంగతి

ఛానల్ తేడా ఒక్కటే అయితే ఇంత రాసేవాడిని కాదు. పాట ఆపినప్పుడు స్పీకర్ల నుంచి వచ్చే సన్నటి "స్స్" కూడా చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది.

ప్రీ ఆంప్ అవుట్‌పుట్‌లో 50 మైక్రోవోల్ట్స్ నాయిస్ ఉందనుకుందాం. పవర్ ఆంప్ దాన్ని 28 రెట్లు చేస్తే 1.4 మిల్లీవోల్ట్స్. 89 డెసిబెల్స్ స్పీకర్ మీద అది మీటరు దూరంలో 23 డెసిబెల్స్ శబ్దం. పగలు ఫ్యాన్ కింద ఎవరికీ వినబడదు. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న హాల్లో వినబడుతుంది. పవర్ ఆంప్ ముందు సిగ్నల్‌ని 12 డెసిబెల్స్ తగ్గిస్తే ఈ నాయిస్ కూడా అంతే తగ్గి 11కి వస్తుంది. దాన్ని మామూలు ఇంట్లో వెతికి పట్టుకోవడం కష్టం. ఒక్క విషయం, పవర్ ఆంప్ సొంత నాయిస్ దీంతో తగ్గదు. ఇన్‌పుట్ కేబుళ్లు పీకేసినా హిస్ అంతే ఉంటే అది ఆంప్‌దే, ఈ మందు దానికి పనిచేయదు.

హిస్ వస్తోందని కేబుళ్లు మార్చినవాళ్లు, పవర్ కండిషనర్ కొన్నవాళ్లు, చివరికి మంచి స్పీకర్లు సగం ధరకి అమ్మేసుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకడికి కేబుళ్లు మార్చమని సలహా ఇచ్చింది నేనే. సారీ తమ్ముడూ.

తక్కువైనా తంటాయే

రెండోవైపు కూడా చెప్పాలి. గెయిన్ తక్కువైతే వచ్చే చిక్కులు వేరు. ప్రో ఆడియో లైన్ లెవెల్ +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. ఇళ్లలో వాడే వాటి పాత లైన్ లెవెల్ −10 డీబీవీ, అంటే 0.32 వోల్ట్. మధ్యలో దాదాపు 12 డెసిబెల్స్ తేడా. పవర్ ఎక్కువ, ధర తక్కువ అని ఫంక్షన్లలో వాడే రకం ఆంప్ తెచ్చి ఇంట్లో ఏవీఆర్ ప్రీ-అవుట్‌కి తగిలించేవాళ్లు ఉన్నారు. ప్రీ-అవుట్ 1 వోల్ట్ దాటగానే వక్రించడం మొదలుపెడితే, ఆంప్ ఏమో ఇంకా కావాలంటుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ సౌండ్ పెరగకుండా గరగరలాడుతుంది. తిట్లు ఆంప్‌కి పడతాయి, తప్పు రెండింటి జోడీది. ఇలాంటి వాడకం తెలిసే క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ సిరీస్‌లో సెన్సిటివిటీని 0.775, 1.4 వోల్టుల మధ్య మార్చుకునే వీలు పెట్టారు. బెంచ్‌మార్క్ ఏహెచ్‌బీ2లో ఇంకా మేలు. 2, 4, 9.8 వోల్టులు, వెనక ఒక స్విచ్‌లో మూడు స్థానాలు. మీ సోర్స్ ఎంత ఇస్తే అక్కడ పెట్టుకోవడమే. అది మనలో చాలామందికి అందని ధర అనుకోండి, ఫోసీ ఆడియో వీ3 మోనో లాంటి చిన్న క్లాస్-డీ ఆంప్‌లో కూడా గెయిన్ స్విచ్ ఉంది. అంటే ఈ స్విచ్ పెట్టడం ఖరీదైన పనేం కాదు. పెట్టాలన్న బుద్ధి ఉండాలి, అంతే.

"ఇదంతా ఎందుకు, వాల్యూమ్ నాబ్ ఉన్నదే అందుకు కదా" అని నా ఫ్రెండ్ ఒకడు ఎప్పుడూ వాదిస్తాడు. పగలు గట్టిగా వినేవాడికి ఆ వాదన సరిపోతుంది. వాడి నాబ్ పదింటి దగ్గరుంటుంది. కానీ మన ఇళ్లలో రాత్రి పడుకునేవాళ్లుంటారు, పరీక్షలకి చదివే పిల్లలుంటారు, అపార్ట్‌మెంట్‌లో పక్క గోడకి అవతల ఇంకో కుటుంబం ఉంటుంది. మనం సిస్టమ్ వినేది ఎక్కువగా ఆ మెల్లని లెవెల్‌లోనే. ఆంప్‌లని రివ్యూ చేసేది మాత్రం గట్టిగా పెట్టి. నేనూ అంతే చేశాను. ఆ రివ్యూ కోసం నాబ్ ఏడున్నర దగ్గర పెట్టి పది నిమిషాలు కూడా వినలేదు.

ఇంకొకరు ప్రీ ఆంప్ తీసేసి డాక్‌ని నేరుగా పవర్ ఆంప్‌కి పెట్టి ఫోన్‌లోనే వాల్యూమ్ తగ్గించుకోమంటారు. పనిచేస్తుంది. కానీ 1 వోల్ట్‌కి నిండిపోయే ఆంప్ ముందు 2 వోల్టుల డాక్ పెట్టి, మధ్యలో అడ్డుగా ఒక యాప్‌ని మాత్రమే ఉంచడం నాకు భయం. ఏ అప్‌డేట్ తర్వాతో వాల్యూమ్ ఫుల్‌లోకి వెళ్లి నోటిఫికేషన్ మోగిందంటే ట్వీటర్ పని అయిపోయినట్టే. పడుకున్న అమ్మ సంగతి సరే సరి.

గుంటూరులో చేసిన రిపేరు చెబుతాను. ప్రీ ఆంప్ మూత తీస్తే లోపల గెయిన్ జంపర్ ఉంది, 12 లేదా 0. మాన్యువల్ ఇరవయ్యో పేజీలో ఎక్కడో ఒక లైన్ రాసి ఉంది, నేను రివ్యూయర్‌ని అయ్యుండి చదవలేదు. 0కి మార్చాను. తర్వాత పవర్ ఆంప్ ఇన్‌పుట్ దగ్గర 12 డెసిబెల్స్ అటెన్యుయేటర్లు పెట్టాను. రెడీమేడ్‌గా ఆర్‌సీఏ ప్లగ్ రూపంలో దొరుకుతాయి. నేను సోల్డరింగ్ తెలిసిన మేనల్లుడితో చేయించాను. ఛానల్‌కి రెండు రెసిస్టర్లు, 3 కిలో ఓమ్స్ సిరీస్‌లో, 1 కిలో ఓమ్ గ్రౌండ్‌కి. ఖర్చు టీ డబ్బులంత. ట్రాన్సిస్టర్ ప్రీ ఆంప్‌కి ఇది పెద్ద బరువు కాదు. ట్యూబ్ ప్రీ ఆంప్ ఉన్నవాళ్లు మాత్రం ఈ విలువలు వాడొద్దు. వాటి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ, ఎదురుగా ఉన్న లోడ్ కనీసం దానికి పది రెట్లు ఉండాలి, లేకపోతే వోల్టేజ్ పడిపోతుంది, చాలావాటిలో బేస్ కూడా సన్నబడుతుంది.

ఇప్పుడు నాబ్ చేయాల్సిన కోత 48 నుంచి 24 డెసిబెల్స్‌కి దిగింది. నష్టం లేదా? ఉంది. డాక్ 2 వోల్టులు ఇచ్చినా పవర్ ఆంప్‌కి చేరేది అర వోల్ట్. స్పీకర్ దగ్గర 14 వోల్టులు, అంటే 25 వాట్స్. "100 వాట్ల ఆంప్‌ని పాతికకి కట్టేశావా" అని ఆ ఫ్రెండే నవ్వాడు. 25 వాట్స్ అంటే ఆ స్పీకర్‌కి మీటరు దూరంలో 103 డెసిబెల్స్. మా నాన్నకి అంత అవసరం ఎప్పుడూ రాదు. పండక్కి పిల్లలు వచ్చి గట్టిగా పెట్టాలంటే 6 డెసిబెల్స్‌వి మార్చుకోవచ్చు. అప్పుడు 2 వోల్టులు సరిగ్గా 1 అవుతుంది, 100 వాట్సూ వస్తాయి.

ఈ లెక్కలన్నీ కొనేవాడు వేసుకోవాలనడం అన్యాయం. డబ్బా మీద బ్లూటూత్ వెర్షన్ రాస్తారు, కోడెక్‌లు అరడజను రాస్తారు, ఎక్కడా ఆగని పీక్ వాట్స్ రాస్తారు. గరిష్ఠంగా ఎన్ని వోల్టులు ఇస్తుంది, ఎన్ని వోల్టులకి నిండుతుంది, గెయిన్ ఎంత అన్నవి మాత్రం వెబ్‌సైట్‌లో కూడా దొరకవు. చార్జర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాయకపోతే మనం కొంటామా? ఇక్కడ ఎందుకు ఊరుకుంటున్నాం? కంపెనీలకి నేను చెప్పగలిగింది తక్కువ. నా చేతిలో ఉన్నది ఒకటి చేస్తాను. ఇకపై ఈ సైట్‌లో నేను రాసే ప్రతి డాక్, ప్రీ ఆంప్, పవర్ ఆంప్ రివ్యూలో ఈ మూడు అంకెలు నేనే మల్టీమీటర్‌తో కొలిచి పైనే పెడతాను. అర్ధరాత్రి లెవెల్‌లో మోనో పాట పెట్టి గొంతు ఎక్కడ నిలబడిందో కూడా రాస్తాను. పాత రివ్యూలో ఆ మూడో లైన్‌ని ప్లస్‌ల నుంచి తీసి మైనస్‌ల కిందికి మార్చాను, మార్చిన తేదీతో సహా.

నాన్న నాబ్ ఇప్పుడు పదిన్నర దగ్గర ఉంటుంది. మొదటి రోజు అంత దూరం తిప్పడానికి ఆయన చేయి ఆడలేదు, అమ్మ లేస్తుందేమోనని. తిప్పారు, విన్నారు, కాసేపటికి నా వైపు తిరిగి, "ఆ చెవుల డాక్టర్‌కి ఫీజు ఎంత ఇచ్చావురా?" అని అడిగారు.